గుమ్మం బయట ఆపరేషన్ చెప్పు

ఉదయం తొమ్మిదీ పదికి సింహాచలం నా గది తలుపు తోసి, లోపలికి రాకముందే వంగి, రెండు కాళ్ళ చెప్పులూ విప్పి గోడ పక్కన జతగా పెట్టాడు. ఎడమ కాలిది మామూలు రబ్బరు చెప్పు. కుడికాలిది మేమిచ్చినది. కాలివేలు సరిచేసే ఆపరేషన్ అయినవాళ్ళ కోసం అట్ట గట్టిగా, మడమ ఎత్తుగా ఉండి, బరువంతా వెనక్కి పడేలా చేసిన చెప్పు. వాటిని సర్ది, వట్టికాళ్ళతో నడిచి వచ్చి, నమస్కారం పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

నేను అంతా చూశాను. పద్ధతి తెలిసిన మనిషి అనుకున్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అదే. ఆ కుర్రవాడు పద్ధతి తెలిసినవాడే. దాన్నే నేను పట్టించుకోవలసింది.

సింగపూర్‌లో ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాను. నాకు పని నేర్పిన మేడం గో పోయిన ఏడాది చనిపోయారు. ఆమె దినాలు అయ్యాక, ఆ విభాగంలోనే కొత్తగా చేరిన ఇద్దరు తెలుగమ్మాయిలు ఫోన్ చేశారు. ఒకరిది గుంటూరు, ఒకరిది వరంగల్. "ఆంటీ, అందరూ ఆమె గురించి చెప్తున్నారు, మాకేమో తెలీదు, మీరు రాసివ్వండి" అన్నారు. సంతాప సభలో చదివేలాంటిది నాకు రాయడం రాదు. ఆమెకి అలాంటివి వినడం నచ్చేది కాదు. అందుకని ఉద్యోగం గురించే రాస్తున్నాను. ఆమె మధ్యలో వస్తారు, అప్పట్లో నా గదిలోకి వచ్చినట్టే, తలుపు కొట్టకుండా.

వేలే కదా

గుండె ఆపరేషన్ అయినవాడు తుమ్మడానికి కూడా డాక్టర్ని అడుగుతాడు. కాలివేలి ఆపరేషన్ అయినవాడు నాలుగో రోజున చేపల మార్కెట్‌లో కనిపిస్తాడు. మీరు ముందుగా తెలుసుకోవలసింది ఇది. తమ కాలివేలిని ఎవరూ లెక్కచేయరు. నొప్పి పుట్టినప్పుడు తప్ప అదొకటుందని కూడా గుర్తుండదు. నొప్పి తగ్గగానే మళ్ళీ మర్చిపోతారు. ఆ మర్చిపోయే రోజుల్లోనే ఎముక అతుక్కోవాలి.

సర్జన్ పని గంటలోపు అయిపోతుంది. వంగిపోయిన వేలిని కోసి, కాస్త ఎముక చెక్కి, తిన్నగా చేసి, మధ్యలోంచి సన్నటి వైరు దింపుతాడు. వైరు కొస వేలి చివర బయటికి కనిపిస్తుంటుంది. దాన్ని చూసి భయపడే పేషెంటు మంచి పేషెంటు. దానికి దండలా దారం చుట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాడితో జాగ్రత్త. మన పని ఆ తర్వాత ఆరు వారాలు. చెప్పేవి నాలుగే మాటలు. కాలు గుండెకన్నా ఎత్తులో పెట్టుకోవాలి. కాలు నేల మీద పెట్టాలంటే ఆ చెప్పు ఉండాలి. బరువు మడమ మీద వేయాలి. వైరు తడవకూడదు.

ఈ నాలుగిటికీ అందరూ "సరే" అంటారు. నేను చేరిన కొత్తలో ఆ "సరే"లు విని చాలా సంతోషపడేదాన్ని. మేడం గో నా వెనకనుంచి అన్నారు: "నువ్వు చెప్పింది బాగుందనే వాళ్ళ ఉద్దేశం. చేస్తామని కాదు లా."

ఆమె మాట్లాడేది ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తున్నాను. సింగపూర్‌లో మాట చివర ఊరికే తగిలించే ఆ "లా" మాత్రం ఆమెదే, వదిలెయ్యడానికి మనసొప్పలేదు.

నసీమ్ ఆంటీ ప్రార్థన

ఒక కేసులో నాకు మెప్పు దొరికింది. ముందు అది చెబుతాను, ఎందుకంటే తర్వాతి తప్పుకి అదే దారి తీసింది.

నసీమ్ ఆంటీ హైదరాబాదు నుంచి వచ్చి కొడుకు దగ్గర స్థిరపడిన మనిషి. బొటనవేలి పక్క ఎముక ఉబ్బి, వేలు పక్కకి ఒరిగిపోతే ఆపరేషన్ చేశారు. నేను చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటించేది. చెప్పు వేసుకునేది, దిండ్ల మీద కాలు పెట్టుకునేది, వంటగది వైపు చూసేది కూడా కాదు. కోడలు సాక్ష్యం చెప్పింది. అయినా మూడో వారంలో వేలు వాచింది.

"ఆంటీ, రోజంతా ఏం చేస్తున్నారో పొద్దున్నించీ చెప్పండి" అన్నాను.

"ఏంజేస్త అమ్మా, పండుకుంటున్న. టీవీ చూస్తున్న. నమాజ్ చదువుకుంటున్న."

"కింద కూర్చునేనా?"

"మరెక్కడ చదువుత? నడవొద్దన్నవ్, నడుస్త లేను. నమాజ్ చదవొద్దని నువ్వన్లే కద."

రోజుకి అయిదు పూటలు. పూటకి ఎన్నోసార్లు నేల మీదనుంచి లేవడం. లేచిన ప్రతిసారీ బరువంతా కాలివేళ్ళ మీదే. కుర్చీలో కూర్చుని చదువుకోవచ్చు కదా, ఒంట్లో బాగా లేనివాళ్ళకి ఆ వీలుందట కదా అన్నాను.

"ఉంది. గని కుర్చీ మీద చదివేది ముసలోళ్ళమ్మా."

"మీకెన్నేళ్ళు?"

"అరవై ఎనిమిది." కొంగు సర్దుకుని, "మా అత్తగారు తొంభై ఏండ్లకు గూడ కిందనే చదివింది" అంది. అత్తగారితో పోటీ అన్నమాట. ఆ అత్తగారికి ఎప్పుడైనా వేలి ఆపరేషన్ అయిందా అని అడిగాను. కోడలు గోడ వైపు తిరిగి నవ్వుకుంది. ఆ రోజునుంచి ఆరు వారాలు దాటేదాకా ఆంటీ కుర్చీలో చదివింది, మధ్యాహ్నం ఎవరైనా వస్తే మాత్రం కుర్చీ వరండాలోకి తోసేసేదట.

మేడం గో ఈ సంగతి అందరికీ చెప్పారు. "చూడండి, అడిగింది కాబట్టి తెలిసింది" అన్నారు. నాకు కొంచెం గర్వం వచ్చింది. ఇతరుల ఇళ్ళలో ఏం జరుగుతుందో నాకు అడగడం తెలుసు అనుకున్నాను.

సింహాచలం

సింహాచలానిది శ్రీకాకుళం జిల్లా. ముప్ఫై నాలుగేళ్ళు. సెంబవాంగ్‌లో ఓడల యార్డులో పైపులు బిగించే పని, క్రాంజీ దగ్గర కార్మికుల డార్మిటరీలో నివాసం. కుడికాలి రెండో వేలు గద్దముక్కులా వంగి ఉండేది. వేళ్ళ మీద ఇనుప తొడుగు ఉండే యార్డు బూటులో అది రాసుకుని పుండు పడేది, మానేది, మళ్ళీ పడేది. ఆపరేషన్ చేస్తే పన్నెండు వారాల్లో బూటు వేసుకోవచ్చని సర్జన్ చెప్పాడు. కంపెనీ అంతవరకూ ఆగుతానంది. బూటు వేసుకోలేకపోతే యార్డు గేటు దాటనివ్వరు. గేటు దాటలేనివాడికి పనిచేసే పర్మిట్ ఉండదు, ఇంటికి పంపేస్తారు. ఆ మాట అతను మొదటి రోజే చెప్పాడు, ఫిర్యాదుగా కాదు, చిరునామా చెప్పినట్టు.

తెలుగులో మాట్లాడే మనిషి దొరికిందని అతనికీ, చెప్పింది శ్రద్ధగా వినే పేషెంటు దొరికాడని నాకూ సంతోషం.

"చెప్పు వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటన్నానండి మేడమ్. బయిటికెల్తే దానితోటే."

"కాలు ఎత్తి పెట్టుకుంటున్నావా?"

"మావోళ్ళు కింద మంచం నాకిచ్చేసినారండి. రెండు తలగడాలు గూడా ఇచ్చినారు."

నేను మొదట్లో రాసిన ఆ ఉదయం, వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర అతని చెప్పు చేతిలోకి తీసుకుని చూశాను. మూడు వారాలైనా అట్ట కొత్తదానిలా ఉంది. "ఎంత జాగ్రత్తగా వాడుతున్నావు" అని మెచ్చుకున్నాను. సిగ్గుపడ్డాడు.

మరుసటి వారం ఎక్స్‌రేలో వైరు వంగి ఉంది. సగం బయటికి జారింది. వేలు బొటనవేలి వైపు ఒరగడం మొదలుపెట్టింది. సర్జన్ వైరు తీసేసి, వేలికి ప్లాస్టర్ పట్టీ వేసి, నా వైపు చూశాడు. నేను సింహాచలం వైపు చూశాను.

"నడిచావా?"

"నేదండి. గదిలోనే వున్నాను. సెలవిచ్చినారు గదాని ఎక్కడికీ ఎల్నేదు."

నమ్మలేదు. కంప్యూటర్‌లో అతని ఫైలు తెరిచి, పేషెంటు సూచనలు పాటించలేదు అని రాశాను. రాయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అలాంటి వాక్యాలు చేతికి అలవాటైపోతాయి.

అట్ట

ఆ మధ్యాహ్నం మేడం గో తలుపు కొట్టకుండా వచ్చారు. సింహాచలం ఇంకా బయట బెంచీ మీద ఉన్నాడు. ఫైలు కాపీ కోసం కంపెనీ మనిషి సాయంత్రం వస్తాడు, అతనితో కలిసి డార్మిటరీకి వెళ్ళాలి. చెప్పులు మాత్రం నా తలుపు పక్కనే ఉన్నాయి. ఆమె వంగి కుడికాలిది తీసుకుని తిరగేశారు.

"ఈ చెప్పు ఎక్కడ నడిచింది?"

"జాగ్రత్తగా వాడతాడు, మేడం."

"నాలుగు వారాలు లా. జాగ్రత్త అంటే ఇంత జాగ్రత్తా?" ఆమె నా కాళ్ళ వైపు చూశారు. "మీ ఇంట్లో చెప్పులు వేసుకుంటావా?"

"లేదు."

"నేనూ వేసుకోను. మా అమ్మ కొట్టేది. మరి అతను వేసుకుంటాడని ఎవరనుకున్నారు?"

మేమిచ్చే కాగితం ఒకటుంది. ఎక్కడో చల్లటి దేశంలో అచ్చయినదానికి నకలు. అందులో ఒకాయన ఈ చెప్పుతోనే తివాచీ మీద కాళ్ళు పెట్టుకుని సోఫాలో కూర్చుని నవ్వుతుంటాడు. ఏళ్ళ తరబడి అది వందలమందికి ఇచ్చాను. ఆ బొమ్మ చూసినప్పుడల్లా, పాపం తివాచీ, అనుకునేదాన్ని. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

బెంచీ దగ్గరికి వెళ్ళి సింహాచలం పక్కన కూర్చున్నాను.

"డార్మిటరీలో గది తలుపు తీశావు. తర్వాత ఏం చేస్తావు?"

"సెప్పులు బయిట ర్యాకులో ఎట్టేత్తాను."

"ఇది కూడానా?"

"అన్నీ ఎడతామండి. లోపల దేవుడి పటం వున్నాది. అందరూ అక్కడే తింటారు."

"లోపల రోజంతా ఏం చేస్తావు?"

"కాలీగా వున్నాను గదండి. పన్నెండు మందికీ నానే వొండుతన్నాను. మావోళ్ళు పనినుంచొచ్చి వొండుకోనేక సత్తన్నారు. పొద్దుట రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. అంతే. మీరు నడవొద్దన్నారని పొయ్యికాడే నిలబడిపోతాను, అటూ ఇటూ కదల్ను."

రోజుకి నాలుగు గంటలు, వట్టికాళ్ళతో, సిమెంటు నేల మీద. అతను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. బయటికి వెళ్ళినప్పుడు చెప్పు వేసుకున్నాడు. ఎక్కడికీ వెళ్ళలేదు. నసీమ్ ఆంటీ ఇంటి సంగతి నాకు కొత్త కాబట్టి అడిగాను. ఇతనిది మా ఇంటి సంగతే. రాజమండ్రిలో మా నాయనమ్మ గడప దగ్గర ఏం చెప్పేదో అదే. అడగాలని తోచనే లేదు.

మూడు వాక్యాలు

కంపెనీ మనిషి వచ్చేలోపు ఫైలు సంగతి తేల్చాలి. పేషెంటు నిర్లక్ష్యం అని ఉంటే వాళ్ళు ఇంకా ఎన్నాళ్ళో ఆగరు. అది మాకూ తెలుసు, సింహాచలానికి మాకన్నా బాగా తెలుసు. అతను బెంచీ మీద మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని, తనని పట్టించుకోవద్దన్నట్టు కూర్చున్నాడు.

నేను రాసినదాని కింద మూడు వాక్యాలు చేర్చాను. పై వాక్యం తప్పు. చెప్పు ఇంటి లోపల కూడా వేసుకోవాలని పేషెంటుకి స్పష్టంగా చెప్పలేదు. చెప్పవలసింది నేను.

సర్జన్ చదివి, "ఇది నీ మీదికి వస్తుంది" అన్నాడు.

"నా మీదిదే, డాక్టర్."

వచ్చింది కూడా. ఒక ఉత్తరం, రెండు మీటింగులు. వాటి గురించి రాయను, చదివేవాళ్ళకి నిద్ర వస్తుంది. మేడం గో నా మూడు వాక్యాల కింద తన పేరు కూడా చేర్చారు. ఎందుకని అడిగితే, "ఆ కాగితం పంచింది నేను కూడా లా" అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. మీకు ఇలాంటి పెద్దవాళ్ళు దొరక్కపోవచ్చు. దొరక్కపోయినా ఆ మూడు వాక్యాలు రాయాలి. అది చెప్పడం తేలికని నాకు తెలుసు.

కంపెనీ మనిషి చదివి, తలగోక్కుని, పన్నెండు వారాలకి బదులు పదహారు ఇస్తామన్నాడు. ఆ రోజున తన ముందు బూటు వేసుకుని చూపించాలన్నాడు.

పసుపు

ఇంట్లో వేసుకోవడానికి రెండో చెప్పు ఇచ్చాను, నేల తాకని కొత్తది.

"దేవుడి ముందుకి సెప్పుతో ఎలాగెల్తానండి?" అన్నాడు సింహాచలం.

"అది చెప్పు కాదు, కట్టు. కట్టు కట్టుకున్నవాణ్ణి దేవుడు రావద్దంటాడా?"

"కట్టుకి అట్ట వున్నాది గదండి."

మేడం గోకి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె, "కొత్త కారు కొంటే మీవాళ్ళు ఏం చేస్తారు?" అని అడిగారు. ఆమె ఉండే జురాంగ్ వెస్ట్ బ్లాకు కింద పార్కింగులో చక్రాల కింద నిమ్మకాయలు ఆమె చూసినవే. ఆ ప్రశ్నే సింహాచలానికి తెలుగులో అప్పజెప్పాను.

వారం తర్వాత సింహాచలం వచ్చాడు. ఇంట్లో వేసుకునే చెప్పు విడిగా ఒక సంచిలో, పాత తువ్వాలు చుట్టి తెచ్చాడు. దాని ముందు పట్టీకి పసుపు రాసి ఉంది, మూడు కుంకం బొట్లు ఉన్నాయి. గదిలో పన్నెండు మందీ కలిసి పూజ చేశారట. కొబ్బరికాయ కూడా కొట్టారట.

"ఇప్పుడు లోపలికి రావచ్చన్నారా?"

"వొచ్చేసిందండి. గాని ఒంట మానిపించేసినారు. మా గదిలో రాజులని ఒకడున్నాడు, ఆడు వొండుతన్నాడు. ఆడి పప్పు తినే బదులు వైరే నయమండి."

కట్టు మార్చడానికి వచ్చిన సర్జన్ ఆ పసుపు మరక చూసి చీము కారిందనుకుని ఉలిక్కిపడ్డాడు. నేను వివరించాను. ఆయన ఆ చెప్పు వైపు చూసి, "నేను చేసిన ఆపరేషన్‌కి కొట్టలేదు కొబ్బరికాయ" అన్నాడు. ఆయన హాస్యం ఆడటం నేను చూసింది అదొక్కసారే.

బూటు

వేలు పూర్తిగా తిన్నగా కాలేదు. బొటనవేలి వైపు కొంచెం ఒరిగే అతుక్కుంది. నా తప్పు ఎంతో ఎక్స్‌రేలో కొలవచ్చు. ముందు భాగం వెడల్పుగా ఉన్న బూటు ఒక సైజు పెద్దది తెప్పించాం. పదో వారంనుంచి వేలు వంచడం, మునివేళ్ళ మీద లేవడం, మెట్లు ఎక్కడం. రోజూ బస్సులో క్రాంజీనుంచి వచ్చేవాడు. ఎండైనా వానైనా ఒక్కరోజు ఆలస్యం కాలేదు. తెలుగులో తిట్టించుకోవడానికే వస్తున్నానని నర్సులకి చెప్పాడట.

పదహారో వారం కంపెనీ మనిషి వచ్చాడు. మా వ్యాయామశాలలో నిచ్చెన ఉంది. సింహాచలం బూటు తొడుక్కుని పదిసార్లు ఎక్కి దిగాడు. బరువు మోశాడు. మేడం గో చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నారు. నాకు కూర్చోవాలనిపించలేదు.

"స్క్వాట్" అన్నాడు కంపెనీ మనిషి. పైపు కింద పనంటే గొంతుక్కూర్చోవాలి. అప్పుడు వేళ్ళు బాగా వంగుతాయి. అక్కడే బూటు వేలిని నొక్కుతుంది.

సింహాచలం కూర్చున్నాడు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. కంపెనీ మనిషి గడియారం చూసుకుంటున్నాడు.

"నొప్పిగా ఉందా?" తెలుగులో మెల్లిగా అడిగాను.

"వున్నాదండి."

"ఎంత?"

"రాజులు పప్పంత."

నవ్వు ఆపుకోవడం చాలా కష్టమైంది. అయిదు నిమిషాలయ్యాక కంపెనీ మనిషి "ఓకే, కెన్" అన్నాడు, అంటే పనికొస్తాడని. కాగితం మీద నేను నొప్పి సంగతి కూడా రాశాను, వెడల్పు బూటే ఇవ్వాలని రాశాను. ఆ రెండూ రాయకుండా ఉంటే అతనికి ఇంకా మేలు చేసినట్టని కొందరనుకుంటారు. కాదు. ఆ వెడల్పు బూటుతోనే అతను మళ్ళీ గేటు దాటాడు. ఇంకా యార్డులోనే ఉన్నాడు. పుండు మళ్ళీ పడలేదని ఏడాదికోసారి ఫోన్ చేసి చెబుతాడు.

ఇళ్ళు

ఆ కేసు తర్వాత మేడం గో ఒక అలవాటు పెట్టారు. కాలి ఆపరేషన్ అయిన ప్రతి పేషెంటు ఇంటికీ మొదటి వారంలో మాలో ఒకరం వెళ్ళాలి. గుమ్మం దగ్గర నిలబడి చూడాలి, అంతే. డార్మిటరీలకి వెళ్ళాం, పదిహేనో అంతస్తు ఫ్లాట్లకి వెళ్ళాం. బాత్రూంలో చెక్క పీట మీద ఎక్కి దిగేవాళ్ళని చూశాం. ముగ్గులో కాలు పడకూడదని మునివేళ్ళ మీద దాటే మామ్మగారిని చూశాను. ఇవేవీ ఏ పేషెంటూ ఆసుపత్రిలో చెప్పడు. దాచడానికి కాదు, అవి చెప్పవలసిన విషయాలని తెలియక.

నేను వెళ్ళిన చివరి ఇల్లు ఆమెదే. రిటైరయ్యాక మేడం గో కాలి బొటనవేలికి ఆపరేషన్ చేయించుకున్నారు. అయిదో రోజున జురాంగ్ వెస్ట్‌కి వెళ్ళాను. లిఫ్టు దిగగానే కనిపించింది. చెప్పుల స్టాండు మీద, పై అరలో, ఆపరేషన్ చెప్పు. అట్ట మీద మరక లేదు.

తలుపు తీశారు. వట్టికాళ్ళు.

"మేడం."

"నువ్వొస్తున్నావని ఇప్పుడే ఇల్లు తుడిచాను లా."

"మీరు తుడిచారా?"

ఆమె నన్ను చూశారు, చెప్పుల స్టాండుని చూశారు. తర్వాత వెళ్ళి సోఫాలో కూర్చుని, దిండు మీద కాలు పెట్టారు. నేను చెప్పు తెచ్చి తుడిచి తొడిగాను. పట్టీ బిగిస్తుంటే, "రిపోర్టులో ఏం రాస్తావు?" అని అడిగారు.

"ఇల్లు శుభ్రంగా ఉందని."

ఆమె కాలు బాగానే అతుక్కుంది. పోయిన ఏడాది ఆమె పోయింది వేరే జబ్బుతో. చావుకి వచ్చినవాళ్ళలో ఆమె పేషెంట్లే ఎక్కువ. చాలామంది బాగా నడుస్తున్నారు. నేను కాళ్ళే చూస్తూ కూర్చున్నాను.

అమ్మాయిలూ, మీ దగ్గర ఇప్పుడు మంచి వీడియో కాల్ ఉంది. పేషెంటు ఫోన్‌ని తన మొహం వైపు పెట్టుకుంటాడు, కాళ్ళు కనిపించవు, మీరు అడుగుతారు, అతను సరే అంటాడు. మనుషులు తక్కువ, పని ఎక్కువ, నాకు తెలుసు. మేడం గో రిటైరైన ఏడాదినుంచి పేషెంట్ల ఇళ్ళకి ఎవరూ వెళ్ళడం లేదు.